ది ఉండే గిన్నె

గుడికి సున్నం కొట్టించాం,
నెత్తిన పేరు మాత్రం లేదు.
పాత బోర్డు తుఫాను రాత్రి రేకుతోపాటు ఎగిరి
బేసిన్ బ్రిడ్జి పట్టాల మీద పడితే
గూడ్సు బండి మూడు ముక్కలు చేసి పోయింది.

పెయింటరు శరవణన్ నిచ్చెనెక్కి
బ్రష్షు ఎర్రరంగులో ముంచి
"ఎళుత్తు చెప్పండి" అన్నాడు.

కింద ముప్పైమందిమి ఉన్నాం.
అందరికీ తెలుగు వచ్చు.
తిట్టడం వచ్చు, బిడ్డల్ని జోకొట్టడం వచ్చు,
తెల్లారి నాలుగింటికి చీపురు భుజానేసుకుని
వీధి ఈ చివర్నించి ఆ చివరికి
కేకేసి మాట్లాడుకోవడం వచ్చు.
రాయడం ఒక్కరికీ రాదు.

మా తాతల్ని నెల్లూరు అవతలి నుంచి
ఈ ఊరు ఊడ్చడానికి తెచ్చినోళ్లు
చీపురుకట్టలు లెక్కపెట్టి ఇచ్చారు,
పలకలు ఇవ్వలేదు.
మేం బడిలో అరవం చదివాం.
అమ్మవారి పాట కూడా అరవ అక్షరాల్లోనే రాసుకుంటాం.
అందులో క, గ ఒకటే గనక
పాడేటప్పుడు ముసలోళ్ల నోళ్లు చూసి దిద్దుకుంటాం.

దిల్లీబాబు ఫోను తీశాడు.
ఒకే పేరుకి ఫోను మూడు రాతలు చూపించింది,
మూడింటికీ నడుమ ఏదో తేడా.
ఇందులో మనామె ఎవరు?
పెంచలమ్మవ్వ కళ్లు చికిలించి చూసి
"ఈ మెరిసేదాంట్లో ఆమెవరో నాకు తెలీదబ్బా,
మనామె పొంగలి తిన్న గిన్నెలు లోపలుండాయి,
పోయి తీసుకురాండి" అంది.

గుడి వెనక రేకుల గది.
ఇత్తడి గంగాళం, కంచు చెంబు, సొట్టలు పడ్డ తపేలాలు.
పేర్లు కొట్టించి గుడికిచ్చిన ఆడోళ్లు
చాలామంది ఇప్పుడు లేరు.
అవ్వకి చదువు రాదు గానీ
ఏ గిన్నె ఎవరిదో సొట్టని బట్టి చెబుతుంది.
"ఇది మా అత్త కాటమ్మది.
ఇది అంకమ్మది, మొగుడు డ్రైనేజీలో దిగి పైకి రాలేదే, ఆమెది.
ఇది నాది."

సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టిన గీతల్ని
నిరోషా సుద్దముక్కతో నేల మీదికి దించింది,
ఒక పేరు కింద ఇంకో పేరు.
కాసేపు ఎవరికీ ఏమీ తట్టలేదు.
ఎనిమిదేళ్ల భువన్ అన్నాడు:
"అక్కా, అందరికీ తోక ఒకటే."

నిజమే.
అన్ని పేర్ల చివరా ఒకటే గుర్తు,
దాని కాళ్ల దగ్గర ఇంకో చిన్న ముడి.
"అయితే అది మ్మ" అంది నిరోషా.
అవ్వ వంగి వేలితో తడిమింది,
డెబ్బై ఏళ్లు తన వెంటే తిరిగినదాన్ని.
సుద్ద అంటిన వేలు చీరకి తుడుచుకోలేదు.

ఆ పైన తొందరగానే అయింది.
అం అంకమ్మ ఇచ్చింది, పక్కన సున్నతో సహా.
ఆ సున్న అవ్వ పేరులోనూ ఉంది, సరిపోల్చుకున్నాం.
కా కాటమ్మది.
ల అవ్వది, తోకకి ముందుది.
ఇటుకలు అందించినట్టు
నిచ్చెన మీదికి ఒక్కొక్కటే అందించాం.

కా కొంచెం లావైంది.
చోటు చాలక మ్మ గోడ మలుపు తిరిగింది.
కింద అరవంలో కూడా రాయించాం, చిన్నగా,
పోస్టుమాన్ కోసం.

ఇప్పుడు ఆదివారాలు మంటపంలో
డప్పులు ఓ మూలకి జరిపి గిన్నెలు పరుస్తున్నాం.
ఇరవైరెండు గిన్నెలకి ముప్పైఒక్క అక్షరాలు,
పట్టీ నిరోషా దగ్గరుంది.

దిల్లీబాబుకి తన పేరు రాసుకోవాలని ఆరాటం.
బా బాలమ్మ చెంబు మీద దొరికింది,
బు బుజ్జమ్మ మూత మీద.
ల్లీ దొరకదనుకున్నాం, మల్లీశ్వరి గరిటె బయటపడింది.
ది లేదు.

అర్ధరాత్రి ఆఖరి ఆర్డరు ఇచ్చేసి వచ్చి
హెల్మెట్ చంకన పెట్టుకుని
ఇంకా దీపం వెలిగే గుమ్మాల దగ్గర ఆగుతున్నాడు:
"అత్తా, మీ ఇంట్లో
ది ఉండే గిన్నె ఏదైనా ఉందా?"