కోట బాకీ

మా ఇంట్లో ఒక పద్దు ఉంది.
పుస్తకంలో కాదు, అమ్మమ్మ నోట్లో:
ఈ కోట మాకు మూడు వందల దొకొను ముద్దలు బాకీ.

పులిసిన మొక్కజొన్న పిండి
అరిటాకులో చుట్టి ఉడికించి
అమ్మమ్మకి ముత్తవ్వ ఒత్సివా
నెత్తిన తట్టతో వెనక గుమ్మం దాకా మోసేదట.
దొర రేపు రమ్మన్నాడు.
రేపటికి జ్వరమొచ్చి పోయాడు.
తరవాతి దొర జెండా వేరు,
పాత జెండా అప్పు తనది కాదన్నాడు.

ఆ తరవాత ఎన్ని జెండాలో.
గోడ మాత్రం మనదే అంటుంది అమ్మమ్మ:
ఇటుక వాళ్ళ ఓడ అడుగున బరువుకని వచ్చింది గానీ
సున్నం మనం తిని పారేసిన ఆల్చిప్పలది.

చివరికి మా జెండా ఎగిరాక
కోట పోస్టాఫీసయింది.
అందులో నేను, అరబాని,
పదకొండేళ్లు స్టాంపుల మీద ముద్ర కొట్టాను.
ఉత్తరాల మూటలు కింది కొట్లో వేసేవాళ్ళం.
కిటికీ లేదు.
పైన జానెడు కంత, అందులోంచి సముద్రం చప్పుడు.

ఒక వానాకాలం మూటలు చెమ్మెక్కుతున్నాయని
సిమెంటు చేయిద్దామని నేల తవ్వించారు.
మట్టి కాదది.
పారకి లొంగలేదు.
మేస్త్రీ కొబినా వాసన చూసి
పార గోడకానించి బయటికెళ్ళి కూర్చున్నాడు.
ఆ రోజు కూలీ అడగలేదు.

దొరలు ఓడ బిస్కెట్లు తినేవాళ్ళు, వైను తాగేవాళ్ళు.
మరి దొకొను ఎవరు తిన్నట్టు?

రాత్రి అమ్మమ్మని అడిగాను.
చేప ముల్లు తీస్తోంది. తల ఎత్తలేదు.
"ఖాళీ ఆకులు ఎంచి తెచ్చుకునేది.
ఎన్ని ఆకులో అన్ని నోళ్ళు.
చీకట్లో మొహాలు తెలియవు కదా,
కొందరు ఆకుని నాలుగు మడతలు పెట్టి ఇచ్చేవాళ్ళట,
బుద్ధిగా, మన ఇళ్ళల్లోలాగే."

ఊరుకుంది.
పొయ్యిలో కొబ్బరి డొక్క చిటపటలాడింది.

"ఒకనాడు వెళ్తే గుమ్మం బార్లా తెరిచి ఉంది.
లోపల నీళ్ళు కొడుతున్నారు.
ఓడ అప్పటికి వేలెడంత.
తట్ట దించకుండానే వెనక్కి వచ్చింది."

ఆ ముద్దలు ఏం చేసిందని అడిగాను.

"ఇంట్లో ఎవరూ ముట్టలేదు.
అవీ పద్దులో కలుపుకుంది" అంది అమ్మమ్మ,
నా కంచంలోకి చేప తోస్తూ.