చివరి పదకొండు పేజీలు

వంగకూడదు, బరువెత్తకూడదు, చదవకూడదు –
మా అన్నకి డాక్టరు మూడే చెప్పాడు.
తిట్టకూడదని చెప్పడం మర్చిపోయాడు.

కుడికంటి మీద తెల్లటి కట్టుతో ఒటియా
ఆదివారం రాత్రి నా వంటింట్లోకొచ్చి కూచున్నాడు,
పొరపాటున మా గుమ్మంలో దించిన ఇంకెవరిదో సామానులా.
కుతాయిసీలో ఒకే వీధి మాది.
పన్నెండేళ్ళుగా రొట్టెల కొట్టు దగ్గర ఎదురుపడితే
పిండి ధర గురించి మాట్లాడుకునేవాళ్ళం.
అమ్మ కుట్టుమిషను ఎవరికి, అన్న దగ్గర
మిగతా మాటలన్నీ ఆగిపోయాయి.

సోమవారం చిక్కుడు గింజలు మట్టికుండలో పడేశాను.
పొద్దున్నించీ ఉడికి ఉడికి
కిటికీ అద్దాలకి చెమట పట్టించాయి.
రేడియో పెట్టాను, వద్దన్నాడు.
టీవీలో ఎవరో పాడుతుంటే
"గొంతులో ముల్లు ఇరుక్కుందేమో చూడమను" అన్నాడు.
ఇక దిక్కులేక
కింది అంతస్తు మెదేయా అటక దులుపుతూ నా చేతిలో పెట్టిన
హత్యల నవల తెరిచాను.
అట్ట లేదు. రాసినవాడి పేరు ఎలుక తినేసింది.
మొదటి పేజీలోనే
గడియారాలు బాగుచేసేవాడు చచ్చిపడి ఉన్నాడు.

అంతే, ఆ వారం మా చేతుల్లోంచి జారిపోయింది.

అక్రోట్లు దంచుతూ ఒక అధ్యాయం –
రోకటి పోటు పడ్డచోటల్లా వాక్యం తెగేది.
"ఆ తర్వాత?" అనేవాడు.
"ఆ తర్వాత వెల్లుల్లి, ఎండు బంతిపూల పొడి" అనేదాన్ని.
పాలకూర పిండి, ముద్దలో కలిపి, ఉండలు చుట్టి
ఒక్కోదాని నెత్తిన ఒక దానిమ్మ గింజ పెట్టాను.
ఒంటికన్ను దగ్గరగా తెచ్చి చూసి
"లామారా, ఇవి నన్ను చూస్తున్నాయే" అన్నాడు.
నవ్వాడు. పళ్ళు మా నాన్నవి.

కరెంటు పోయిన రాత్రి నార్దీ ఆడాం.
పాచికలు ఎంత పడ్డాయో చెప్పేది నేనే కాబట్టి
గెలిచింది కూడా నేనే.
హంతకుడు తోటమాలే అన్నాను.
"పప్పులో కాలేశావు" అన్నాడు.
సోమవారం కుండ ఇంకా అడుగంటలేదు మరి,
కాలు వెయ్యడానికి అందులో చోటుంది.

గురువారం మెదేయా ఆరు గుడ్లు, జున్నుముద్ద పట్టుకొచ్చి
ఉప్పు అప్పు అడిగింది.
రెండు అధ్యాయాలయ్యేదాకా కదల్లేదు. ఉప్పు మర్చిపోయింది.
అక్కడక్కడా నేను కలిపాను, ఒప్పుకుంటున్నాను.
ఇన్స్పెక్టరు ఏం తిన్నాడో పుస్తకంలో లేదు,
వేడి వేడి సూపు పోశాను.
గడియారాలాయన భార్యకి
నది కనపడే కిటికీ ఒకటి ఇచ్చాను.
ఒటియా ఏమీ అనలేదు,
కిటికీ దగ్గర మాత్రం కట్టు ఒకసారి సవరించుకున్నాడు.

శుక్రవారం ఏం వండానో గుర్తులేదు. గొంతు పోయింది.

శనివారం వైరు బండిలో కొండమీది పార్కుకి వెళ్ళాం.
రంగులరాట్నం తాళం వేసుకుని ఉంది.
కింద రియోనీ నది తెల్లరాళ్ళ మధ్య గొణుగుతోంది.
బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ
నేను చదువుతూ చదువుతూ
ఇన్స్పెక్టరు అందర్నీ గదిలోకి పిలిచి, తలుపు మూసి,
నోరు తెరవబోయాడు.
పుస్తకం అయిపోయింది.
కుట్టిన దారం వేళ్ళాడుతోంది, కాగితాల్లేవు.

"పదకొండు పేజీలు" అన్నాడు అన్న.
నేను తలెత్తాను.
"కరెంటూ గ్యాసూ లేని ఆ చలికాలం,
నీకు జ్వరం. పొయ్యి అంటుకోలేదు.
చదివాకే చింపాన్లే."

అంటే వారమంతా తెలుసు.
హంతకుడు తెలుసు, తోటమాలి కాదని తెలుసు,
సూపు పుస్తకంలోది కాదని తెలుసు.

"సూపు బాగుంది" అన్నాడు, పొట్టు ఊస్తూ.

ఎవరు చంపారో చెప్పమన్నాను.
కట్టు విప్పాక చెప్తానన్నాడు.

ఇవాళ ఆదివారం. రెండు గుప్పెళ్ళు ఎక్కువేసి
గింజలు నానబెట్టాను.
మెట్లమీద చెప్పుల చప్పుడు –
మెదేయా మళ్ళీ ఉప్పుకోసం వస్తోంది.