రీడింగు

పర్లాకిమిడిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ.
"రీడింగొచ్చాడే" అని లోపలికో కేకేస్తారు,
కుక్కని కడతారు,
గోడమీది పెట్టె చూపిస్తారు.
తిరిగే చక్రం, ఎర్ర చుక్క, ఐదంకెలు.
నా చదువంతా అంతే అనుకుంటారు.

బడిలో నేను చదివింది ఒడియా,
గొడుగులేసుకుని వరసగా నిలబడే అక్షరాలు.
తెలుగు మటుకు వంతెన దాటి నేర్చుకున్నాను,
పాతపట్నం బస్టాండులో
బస్సుల నొసటి బోర్డులు కూడబలుక్కుంటూ.
టె... క్క...
ఒత్తు దగ్గర తడుముకునేలోపు బస్సు కదిలిపోయేది.
ఇప్పటికీ నాకు
ఒత్తక్షరం చూస్తే డీజిలు వాసన.

పందెం పెట్టింది బిపిన్ గొమాంగో, మా లైన్‌మ్యాన్.
స్తంభం దిగుతూ దిగుతూ అన్నాడు:
ఏడాదికి యాభై పుస్తకాలు.
నువ్వు తెలుగు, నేను ఒడియా.
ఓడినోడు వచ్చే ఏడంతా టీ పొయ్యాలి.
వాడింట్లో మాట్లాడుకునేది సవర,
ఒడియా వాడికీ బడి భాషే.
కానీ వాడికి బజార్లో దొరుకుతాయి.
నాకున్నవి గడపలు,
నెలకి పదకొండొందలు.

సరే, మొదలెట్టాను.
బిల్లు చింపి ఇచ్చి, చెప్పులేసుకుంటూ,
అప్పుడే గుర్తొచ్చినట్టు
"ఇంట్లో తెలుగు పుస్తకమేదైనా ఉందాండీ?"
బాకీ అడిగినప్పుడు కూడా
జనం అంత కంగారు పడలేదు.

కొమ్ముతో కొంగలు చెక్కే మహారణా ఇంట్లో
టెక్కలి నుంచొచ్చిన కోడలు
చీరల అడుగునించి ఓ నవల తీసింది.
మొదటి పదహారు పేజీలు లేవు.
హత్య అయిపోయాక వెళ్లాన్నేను.
మిల్లు గుమాస్తా దగ్గర హోమియోపతీ.
వారం రోజులు అన్ని జబ్బులూ నావే.
ఒకరింట్లో ఫ్రిజ్జు కాలికింద పద్యాలు,
బదులు ఇటుక ముక్క పెట్టి పట్టుకొచ్చాను.
రిటైరైన స్టేషన్ మాస్టారు
చిన్నరైలు నాటి టైంటేబులు ఇచ్చారు.
ఇది పుస్తకమెలా అవుతుందన్నాడు బిపిన్.
రాని రైలు కోసం ఎదురుచూడ్డం కన్నా
పెద్ద కథేముందిరా అన్నాను.
రిజిస్టరు వెనక పేజీలో గీతలు.
వానలు వెనకపట్టేసరికి ముప్ఫై మూడు.

అప్పుడు తగిలింది తౌడమ్మ ఇల్లు.
ఒకటే బల్బు. నెలకి తొమ్మిది యూనిట్లు.
రేకుపెట్టె తెరిచి చూపించింది, చేతికివ్వలేదు.
"ఈడనే కూకోని సదువు, నానూ ఇంటాను."
మొగుడు రాత్రికో పేజీ చదివి వినిపించేవాడట.
అరవై రెండో పేజీలో తాటాకు ముక్క ఉంది.
ఆ పేజీ దగ్గరే అతను పోయాడు.
"పడవోడు ఒడ్డు సేరినాడో నేదో
అదొక్కటీ తేల్చు బాబూ, పదకొండేళ్లయినాది."

డ్యూటీ దిగి సాయంత్రాలు వెళ్లేవాణ్ణి.
ఒత్తుల దగ్గర నేను ఆగితే
ఆమె ఊపిరి కూడా ఆగేది.
కార్తీకంలో పడవవాడు ఒడ్డు చేరాడు.
తౌడమ్మ ఏమీ అనలేదు.
పొయ్యిలో పుల్ల ఎగదోసి, కాసేపటికి,
"మల్లీ మొదలెట్టు" అంది.
"ఆడు సేరతాడని తెలిసి ఇంటే ఏరేగుంటాది."

నిజమే, వేరేగానే ఉంది.

డిసెంబరాఖరుకి బిపిన్‌వి యాభై రెండు.
నావి ముప్ఫై నాలుగు.
ఆఖరిది మూడుసార్లు చదివాను, మూడని రాసుకోనా అన్నాను.
మీటర్లో చక్రం ఒకటే కదా,
తిరిగిన ప్రతిసారీ లెక్కే కదా.
వాడు నవ్వి, గ్లాసు ముందుకి తోశాడు.

వచ్చే ఏడు కొత్త మీటర్లట,
వాటి లెక్క అవే చెప్పుకుంటాయట.
నన్ను ఏ సెక్షన్‌కి పంపుతారో తెలీదు.

తౌడమ్మ బిల్లు ఈ నెల పద్నాలుగు యూనిట్లు.
చింపడానికి చెయ్యి రాలేదు.
కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"పుస్తకం కరెంటు తింటాదేటి?" అంది.
తింటుందమ్మా అన్నాను.
"తిననీ" అని
చీపురుతో బల్బు మీది బూజు దులిపింది.