క్షలు అయిపోయిన రాత్రి

గవర్నర్‌పేట ప్రెస్సులో మా నాన్న షేక్ బాజీ
అక్షరాల్ని తలకిందులుగా చదివేవాడు.
కొండెక్కేవాళ్లు ఆయనకి
దిగుతున్నట్టుండేవాళ్లు.

ఆ ఎండాకాలం కోటిలింగం గారి నవల.
ఫారానికి ఇంతని డబ్బు.
పాపికొండల వెనక ఎవరూ ఎక్కని పీఠభూమి,
ఖాకీ టోపీ కెప్టెన్ భుజంగరావు,
ఒక సరంగు, ఒక ముసలి ప్రొఫెసరు,
పేజీకొక రాక్షసబల్లి.
కొన్ని పేజీల్లో మూడు.
రాసినాయన మాత్రం కృష్ణ దాటి సీతానగరం వెళ్లినా
పొద్దుగూకేలోపు తిరిగొచ్చే మనిషి.
ఆ పీఠభూమి మన మొగల్రాజపురం కొండే,
కొంచెం సాగదీశాడు.

తొమ్మిదో అధ్యాయం దగ్గర
నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు.
"అయ్యా, కేసులో క్షలు అయిపోయినయ్.
ఉన్న నలభయ్యీ ముందు పేజీల్లో ఇరుక్కున్నయ్.
మద్రాసు నుంచి కొత్తవి రావాలంటే పది రోజులు.
మీరీ జంతువుల్ని చంపితేగానీ ఫారం నడవదు."

కోటిలింగం గారు బీడీ ఆర్పి
కాలవ వైపు చూశాడు చాలాసేపు.
"చంపను బాజీ. దాక్కోమందాం."

ఆ రాత్రి ఇద్దరూ కూచుని
బియ్యంలో రాళ్లేరినట్టు ఏరారు.
వృక్షాలు చెట్లయినయ్. పక్షులు పిట్టలయినయ్.
క్షణం చిటికె అయింది.
రాక్షసబల్లికి మాత్రం ఇంకో పేరు కుదర్లేదు.
"అది" అని రాసి వదిలేశారు.
అది వచ్చింది.
అది ఊపిరి పీల్చింది.
గుడారం గుడ్డ లోపలికి నొక్కుకుంది.
వాగులో వదిలేసి పారిపోయిన ప్రొఫెసరుని
కెప్టెన్ క్షమాపణ అడగాల్సిన చోట
మాట దొరక్క
తన కంబళి తీసి ఆయన కాళ్ల మీద కప్పాడు.

"అక్షరం అనాలన్నా అదే కావాలి గదయ్యా"
అని నాన్న నవ్వడం విన్నాను.
కాగితం కట్టల మీద పడుకున్నాను గానీ
నిద్రపోలేదు.

పుస్తకం బయటికొచ్చాక కార్డులొచ్చాయి,
తెనాలి నుంచి, నూజివీడు నుంచి.
అన్నీ తొమ్మిదో అధ్యాయం గురించే.
రేపల్లె నుంచి ఒక రైల్వే గుమస్తా:
"ఆ పూట దీపం ఆర్పలేదు.
పెరట్లోకి వెళ్లాల్సొస్తే మా ఆవిణ్ణి లేపాను."

నేను సైకిలు లైటు పీక్కుని
మొగల్రాజపురం గుహల్లో దూరాను.
గబ్బిలాల కంపు, ఎవరో కాల్చిన పుల్లలు, అంతే.
అయినా బయటికొచ్చేటప్పుడు
వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది.
సీసాన్ని కిలోల లెక్కన తూకానికేశారు.
అమ్ముడుపోయిన ట్రెడిల్‌ని ఆరుగురు పట్టుకుంటే
దాని కాలు గుమ్మంలో ఇరుక్కుంది.
లాగారు. అప్పుడది ఒక చప్పుడు చేసింది.
నాన్న లుంగీ సర్దుకుని
వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లమ్ముతారు.
నా అమృతాంజనం డబ్బాలో
ఒక్క క్ష ఉంది.
నాన్న లెక్క తప్పు, కేసులో నలభై ఒకటి ఉండేవి.
ఎప్పుడు తీశానో ఆయనకి చెప్పలేదు.
అరచేతిలో గట్టిగా నొక్కితే
తిన్నగానే పడుతుంది, ఎర్రగా,
కాసేపుంటుంది.
తర్వాత చర్మం కిందికెళ్లి
దాక్కుంటుంది.