రొద

ఆటోనగర్‌లో సైదావలి షెడ్డు ముందు
నా పసుపుపచ్చ కారు జాకీ మీద నిలబడింది,
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని
బురద దాటబోతున్న మనిషిలా.

రెండు తలుపులు, రెండు సీట్లు,
వెనక ఒక హ్యాండ్‌బ్యాగు పట్టేంత చోటు.
యాభై దాటాక కొన్నాను, సెకండ్‌హ్యాండ్‌లో.
"ఈ వయసులోనా?" అన్నవాళ్లకి
"కంతులు కట్టగలిగింది ఈ వయసులోనే కదా" అన్నాను.

సైదావలి పాత టైరు మీద అరచెయ్యి ఆనించి
ముందుకోసారి నిమిరాడు, వెనక్కోసారి.
వెనక్కి నిమిరినప్పుడు ఆగిపోయాడు.
"రంపప్పళ్లు తేలాయి మేడమ్. అందుకే ఆ గోల."

పళ్ల సంగతి నాకు చెబుతున్నాడు!
సూర్యారావుపేటలో ఇరవయ్యారేళ్లుగా
నేను చూసేదీ అదే:
ఎంత అరిగింది, ఉంచాలా, పీకాలా.

రెండు రకాలు తెచ్చి గోడకి ఆనించాడు.
ఒకటి మెత్తటి రబ్బరు,
మలుపులో రోడ్డుని కరుచుకుని వదలదట.
రెండోది చూడ్డానికి లెక్కల మాస్టారిలా ఉంది.
"ఎంత స్పీడు పోతారు?"
"బెంజి సర్కిల్ దాటనిస్తే కదా."
అతను నవ్వలేదు. బేరం దగ్గర నవ్వడు.
"దీనికి పట్టు కాస్త తగ్గుద్ది.
స్టీరింగ్ తిప్పితే అరక్షణం ఆలోచించుకుని తిరుగుద్ది.
కానీ కడుపులో చల్ల కదలదు."

దావీదని, పనిలో కుర్రాడు, టార్చి వేసి చూపించాడు:
"గళ్లు చూడండి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
అన్నీ ఒక్క కొలతే అయితే
అన్నీ కలిసి ఒకే కూత పెడతాయి.
ఇలా కోస్తే
ఒకదాని గొంతు ఇంకోదానితో కలవదు."

ఎవరు కనిపెట్టారో,
వరస తప్పించడానికి ఇంత పనితనమా!
నా చేతులు సగం జీవితం
పళ్లకి తీగలు బిగించి వరసలో పెట్టాయి.

టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చదువుకున్నాను,
పుట్టిన వారం, పుట్టిన ఏడాది.
మందు సీసా తిప్పి చూసే అలవాటు.
మాస్టారినే ఇవ్వమన్నాను, నలుగుర్ని.

సాయంత్రం వారధి ఎక్కాను.
అతుకు అతుకుకీ చెంపదెబ్బ కొట్టే వంతెన
ఈసారి ఎవరో పక్కగదిలో
తలుపు దగ్గరగా వేసినట్టు అంది, అంతే.
కింద కృష్ణ సగం ఇసుక, సగం నీళ్లు.
గుంటూరు యార్డుకి పోతున్న మిరపకాయల లారీ,
దాని టార్పాలిన్ కొట్టుకోవడం వినపడింది.
నా గాజు స్టీరింగ్‌కి తగలడం వినపడింది.
డాష్‌బోర్డులో ఒక మర వదులైందని
కారు కొన్న మూడేళ్లకి తెలిసింది.

వీటన్నిటి కిందా ఇంకోటి.
సన్నగా, ఆపకుండా.
నలభైకి తగ్గాను, తగ్గలేదు.
ఏసీ ఆపాను.
తాడేపల్లి దిగాక పక్కకి తీసి
ఇంజనూ ఆపేశాను.

ఉంది.
కుడివైపు.
అద్దం దించి ఎక్కించాను, బయటది కాదు.
అప్పుడు గుర్తుపట్టాను, పాత పేషెంటుని పట్టినట్టు:
నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగే నా డ్రిల్లు,
క్లినిక్‌కి తాళం వేసొచ్చినా
చెవిలో ఇంకా ఎవరి పన్నో తొలుస్తోంది.
ఎన్నేళ్లనుంచో.
పాపం, ఆ పాత టైర్లు
దాని మీద దుప్పటి కప్పుతూ వచ్చాయి.
నేనేమో వాటినే తిట్టుకున్నాను.

ఫోన్ మోగింది.
"ఎలా ఉంది మేడమ్? సౌండు పోయిందా?"
"టైర్లది పోయింది, సైదావలీ."
"ఇంకేదన్నా ఉంటే తీసుకురండి, చూద్దాం."
దాని సైజు మీ దగ్గర దొరకదులే అనబోయి
థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను.
కాసేపు అక్కడే కూచున్నాను, దాన్ని వింటూ.

సోమవారం మొదటి పేషెంటు, గుణదల ఆసామి,
కుర్చీలో వాలి నోరు తెరిచాడు.
దూది ఉండ ఒకటి చుట్టాను.
తనకే అనుకుని ఇంకా పెద్దగా తెరిచాడు.
"ఇది నాకండీ" అని
కుడి చెవిలో పెట్టుకుని
డ్రిల్లు అందుకున్నాను.