ప్లగ్గు పట్టుకున్నవాడు

ఆ గెలుపు నేను చూడలేదు.
ముందే చెప్పేస్తున్నాను, తర్వాత కోతలు కోశాడనకండి.
కొట్లో ఉన్నవాళ్ళంతా చూశారు.
నేను మిషను వెనక ఉన్నాను,
దాని వీపుకీ గోడకీ మధ్య జానెడు సందులో,
మోకాళ్ళు గడ్డానికి ఆనించి
వదులైపోయిన ప్లగ్గుని రెండు చేతులా అదిమిపట్టుకుని.

పుంతా అరేనాస్. పటంలో ఖండం తోక చివర.
గాలికి మనుషులు ఏటవాలుగా నడిచే ఊరు.
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు, పట్టుకుని దాటమని.
జూలైలో అయిదు కాకుండానే చీకటి.
దోన్ యెర్కో కొట్లో మూడు మిషన్లు.
మూడోది ఇనప గద్ద.
ఏడు ద్వారాల కోట, ఏడో ద్వారంలో
కళ్ళు లేని రాజు.
వాణ్ణి ఎవరూ కొట్టలేదు.
ఓడలు దిగిన నావికులు కొట్టలేదు,
బ్యారక్సు కుర్రాళ్ళు కొట్టలేదు,
సాంతియాగో నుంచి వచ్చి, మా ఆట చూసి
ముసిముసిగా నవ్విన యెర్కో మేనల్లుడూ కొట్టలేదు.

ఎదువీనా మాన్సియాది పీతల ఫ్యాక్టరీలో పని.
పొద్దస్తమానం సెంతోయా కాళ్ళు విరిచి కండ తీయడం.
పది వేళ్ళకీ ఏడు ప్లాస్టర్లు.
షిఫ్టు దిగాక, బస్సు వచ్చేలోపు
ఒక్క నాణెం.
ఓడితే "సరే" అనేది, తొడుగులు వేసుకునేది, వెళ్ళేది.
రెండోది తీయగా ఎవరూ చూడలేదు.

ఆ శుక్రవారం బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది.
ఆరో ద్వారం, అన్నారెవరో, మెల్లగా.
బిలియర్డ్స్ వాళ్ళు కర్రలతో సహా వచ్చేశారు.
మిషను పక్కనుంచి నాకు కనిపించింది ముఖాల వరసే,
ఆ ముఖాల మీదే నేను ఆట చూశాను.
నీలం పడితే ఆకాశం.
ఎరుపు పడితే దెబ్బ.
నోల్బెర్తో ఒయార్సో బుగ్గ మూడుసార్లు ఎర్రబడింది.
"ప్రాణం ఎంతుంది?" అని అరిచాను.
"వెంట్రుకంత."

అప్పుడే తుమ్ము వచ్చింది నాకు.
ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.
తుమ్మితే చెయ్యి కదులుతుంది,
చెయ్యి కదిలితే రాజు బతుకుతాడు.
ముక్కుని మోకాలికేసి నొక్కాను.
కళ్ళమ్మట నీళ్ళు.
ప్లగ్గు వేడెక్కి చిటపటమంటోంది,
అవతల మీటలు టకటక, టకటకటక,
ఆగాయి.

ముఖాలన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి,
మంచు మీద ఎండ పడ్డట్టు.
తర్వాత అరుపు.

గోలు కొట్టినప్పటి అరుపులు విన్నాను నేను, రేడియోలో.
ఇది చెక్కలోంచి వచ్చింది.
మిషను తన వీపుతో నా వీపుని తన్నింది.
ఒక కర్ర విరిగింది.
యెర్కో తాతల నాటి క్రొయేషియన్‌లో
ఎవర్నో ఆనందంగా తిట్టాడు.
నేనూ అరిచాను, గోడకి ఎదురుగా,
ఏమీ చూడకుండానే, గొంతు పోయేలా.
అప్పుడు తుమ్మాను కూడా.
చెయ్యి కదల్లేదు.

చివర్లో ఏమైందని అందర్నీ అడిగాను.
కిరీటం పగిలిందన్నాడు ఒకడు.
గద్ద తెర దాటి ఎగిరిపోయిందన్నాడు నోల్బెర్తో.
ఏవో అక్షరాలొచ్చాయి, కళ్ళజోడు లేదు నాకు, అన్నాడు యెర్కో.
ఎదువీనా ఊడిన ప్లాస్టరు అంటించుకుంటూ
"చివర్లో కళ్ళు మూసుకున్నాన్రా" అంది,
"ఆ రాజుకి లేవు కదా, నాకు మాత్రం ఎందుకని."

పేరుకి మూడక్షరాలే చోటు.
కొట్టింది. తొడుగులు వేసుకుంది.
తాడు పట్టుకుని, గాలికి ఎదురు, నడిచి వెళ్ళింది.

ఆ మిషనుకి జ్ఞాపకశక్తి లేదు.
కరెంటు పోతే అందరూ సున్నా.
పదయింది. "చాల్లే, వదిలేసి ఇంటికి పో" అన్నాడు యెర్కో.
"ఇంకాసేపు" అన్నాను.
ఆయన ఏమీ అనలేదు.
దీపాలన్నీ ఆర్పాడు, షట్టరు సగం దించాడు,
నా పక్కన డబ్బా బోర్లించి కూర్చుని
కోటు జేబులోంచి రొట్టె తీసి తుంచి
నా నోట్లో పెట్టాడు,
నా చేతులు ఖాళీ లేవు కదా.