గులాబీ గీత

మా ఆయన కండక్టరు.
కందుకూరు డిపో, పామూరు సర్వీసు.
టికెట్ రోలు అయిపోవస్తే
అంచున గులాబీ గీత పడుతుంది.
ఆ చివరి మూరెడు పారెయ్యకుండా
ఖాకీ జేబులో చుట్టుకుని తెస్తాడు.

వాటిని అన్నం మెతుకులతో అతికించి
నడవా గోడ పొడుగునా లాగాం.
వీధి తలుపు దగ్గర ఈరోజు,
అక్కణ్ణించి వెనక్కి
వంటింటి గడప దాకా గడిచిన కాలం.
నూరేళ్ళకి ఒక జాన.

ఎవరి జాన అన్నది తెగడానికే
ఒక పూట పట్టింది.
నా జాన వేస్తే బుద్ధుడు గోడ దాటి
పక్కింటి సుబ్బరత్నం గారి స్నానాలగదిలో పడ్డాడు.
వెంగి జాన వేస్తే
మా స్టవ్వు మీదికొచ్చి ఆగాడు.
చివరికి మస్తాను జాన ఖాయం చేశాం.
ఆరేళ్ళ చెయ్యి.
అందరికీ చోటు దొరికింది.

"బడికి పంపకుండా
గోడల మీద ఈ కాయితాలేంది మే?"
సుబ్బరత్నం గారు రోజూ అడుగుతుంది.
బడిలో ఎనిమిది నెలలు నోరు విప్పని పిల్లాడు
ఇంట్లో మూయడం లేదు, అదే నా జవాబు.

"అశోకుడికి పాలపళ్ళు ఊడాయా?"
"అద్దంకి శాసనం చెక్కినాయన
తప్పు చెక్కితే ఎట్టా చెరిపాడు?"
తెలీదు నాయనా.
తెలీదు అని గట్టిగా చెప్పడం
డిగ్రీ దాకా చదివినా నాకు రాలేదు.
వీడి దగ్గర నేర్చుకుంటున్నా.

నర్రవాడ తల్లి పేరు పెట్టుకున్న వెంగమాంబ,
మా వెంగి,
ఒక మధ్యాహ్నం ఎగిరి గంతేసింది.
డ్యూటీ దిగిన వాళ్ళ నాన్నకి
గుమ్మంలోనే చెప్పేసింది,
"నా పేరు మీద రాజ్యం ఉందంట!"
దానికి దీర్ఘం ఉందే, అన్నాను.
"రాణికి ఆ మాత్రం ఉండొద్దా?"

ఇక నాన్న పుట్టిన ఏడు రాయాలి.
సర్టిఫికెట్‌లో జూలై ఒకటి.
ఆ అయ్యవారి చేతిలో ఊరి పిల్లలంతా
జూలై ఒకటినే పుట్టారు.
అవ్వనడిగితే
"గాలివాన ఏడు" అంది, వక్క నములుతూ.
ఏ గాలివాన అవ్వా?
"గట్టిది."
వెంగి మూడు గాలివానలు రాసి
మూడింటి మధ్యా ఒక క్లిప్పు పెట్టి
పక్కన ప్రశ్న గుర్తు వేసింది.

మన ఊరు ఏ జిల్లా అన్నాడు మస్తాను.
డెబ్భై దాకా నెల్లూరు.
ఆ తర్వాత ఒంగోలు, దానికే ప్రకాశం అని పేరు.
ఇరవై రెండులో మళ్ళీ నెల్లూరు.
వాడి చేతిలో అరజాన కూడా లేదు ఈ తిరుగుడంతా.
"మనం యాడికి పొయ్యాం?"
యాడికీ పోలేదు.
ఇల్లు ఇక్కడే, అవ్వ గేదె ఇక్కడే, నీళ్ళ తొట్టి ఇక్కడే.
"మరి పొయ్యిందెవురు?"
గీత.

కాయితం వెంట వేలు రాస్తూ
చాలాసేపు నడిచాడు.
అయిపోతోందని టికెట్‌కి ముందే తెలుస్తుంది,
రోజా రంగు కనపడుతుంది కదా.
"రాజులకి కనపడదా?"
వాళ్ళ నాన్న చిల్లర లెక్కపెడుతున్నవాడల్లా
లెక్క తప్పాడు.

మే నెలలో వీధి తలుపు సందుల్లోంచి
ఎండ దూరింది.
వేడి తగిలితే ఈ కాయితం నల్లబడుతుందని
మాకెవరూ చెప్పలేదు.
బియ్యం డ్రమ్ము వెనక నీడలో
బుద్ధుడు తెల్లగా, చల్లగా ఉన్నాడు.
వేంగికి ఏమీ కాలేదు.
మొన్న మొన్నటివే మాడిపోయాయి,
జిల్లాలు, గాలివానలు,
క్లిప్పు కింద మా ఆయన.

కొత్త ముక్కలు అతికించి
ముగ్గురం పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నాం.
ఏం రాశామో ఒక్కరికీ సరిగ్గా గుర్తు లేదు.
"అవ్వా, నాన్న ఏ గాలివానకి పుట్టాడు?"

"ఒకసారి చెప్పాను గదే,
గట్టిదానికి."